కర్ర కొనకు పొన్ను

పొన్ను అను మాట ఎరుగనివారు నిన్నమొన్నటివరకు మన పల్లెలలో అరుదు. రోకలి అడుగున తొడిగిన ఇనుపకట్టు పొన్ను. తాతగారి చేతికర్ర కొనకు తొడిగిన ఇత్తడి గొట్టము పొన్ను. వడ్రంగి ఉలిపిడికి బిగించిన ఉంగరము కూడ ఆ కుటుంబములోనిదే. దోమ, పరిగి ప్రాంతములలోనేమి, మరి ఏ తెలుగుపల్లెలోనేమి, జొన్నలు దంచిన ఇల్లాండ్రకు దాని విలువ చెప్పనక్కరలేదు. పొన్ను ఊడిన రోకలి నాలుగు దినములు దంచినచో కొన చీలికలు వారును. కర్రకు దెబ్బ తగులుచోట నిలిచి, ఆ దెబ్బను తాను భరించి, కర్రను కాపాడుటయే పొన్ను పని.

పల్లెకు మిక్కిలి దూరమైన ఒక విలాసవస్తువు కొనయందును ఇట్టి పొన్నే ఉన్నది. బిలియర్డ్సు, పూల్ అను ఆటలలో బంతిని కొట్టు కర్రను ఆటగాండ్రు క్యూ అందురు. ఆ కర్ర కాండమును, దాని కొనయందలి పొన్నును పాతకాలపు పనివారు ఏ విధముగా నిర్మించిరో ఈ ప్రసంగమున వివరింప దలచినాము. ఆట రానివారికి ఇందులో ఏమి పని యని శ్రోతలు అనుకొనవచ్చును. కర్రకును లోహమునకును, కర్రకును దంతమునకును పొత్తు కుదుర్చుట ఒక విద్య. ఆ విద్యతో చేసిన వస్తువులు మన ఇండ్లలో ఇప్పటికిని ఉన్నవి. వానిని బాగుచేయబోయి పాడుచేయుట కూడ మన ఇండ్లలోనే జరుగుచున్నది.

ముందుగా ఈ ఆటకును మన ప్రాంతమునకును గల సంబంధమును చెప్పవలెను. వికారాబాదు పట్టణము నవాబు వికారుల్ ఉమ్రా పేర వెలసినది. ఆయన పైగా వంశస్థుడు, నిజాము రాజ్యమునకు ప్రధానమంత్రిగా పనిచేసినవాడు. హైదరాబాదు నగరమునకు దక్షిణమున కొండమీద ఫలక్‌నుమా సౌధమును కట్టించినది కూడ ఆయనయే. 1884 మార్చి 3వ తేదీన దానికి శంకుస్థాపన జరిగినది. అనంతరము అది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను చేతికి వచ్చినది. 2010లో హోటలుగా మారినది. ఆ సౌధములో ఒక బిలియర్డ్సు గది కలదు. అందలి బల్లను బరోస్ అండ్ వాట్స్ అను ఆంగ్ల కంపెనీవారు తయారుచేసినారు. నవాబుల కొలువులలోను, దొరల క్లబ్బులలోను ఈ బల్లలు వెలసిన కాలమది. 1875లో జబల్పూరులోని సైనికాధికారుల విడిదిలో స్నూకరు అను క్రొత్త ఆట పుట్టినది కూడ మన దేశమునందే. ఆ బల్లల ప్రక్క గోడకు వరుసగా నిలిపిన కర్రలే మన విషయము.

మొదటి కాలమున ఆటగాండ్రు బంతిని ఈ సన్నని కర్రతో కొట్టెడివారు కారు. ఒక చివర బరువైన తలగల చిన్న గదవంటి సాధనముతో బంతిని త్రోసెడివారు. బంతి బల్ల అంచునకు ఆనుకొనియున్నప్పుడు ఆ తల అడ్డమై, గురి కుదిరెడిది కాదు. అట్టి సమయమున సాధనమును త్రిప్పిపట్టి సన్నని తోకవైపుతో కొట్టిరి. ఫ్రెంచి భాషలో తోకకు క్యూ అని పేరు. కాలక్రమమున తల పోయి తోక మిగిలినది. ఆ తోకకే నేటి కర్రయని పేరు నిలిచినది.

వట్టి కర్రకొనతో బంతిని నడిమధ్య కొట్టిననే పని జరుగును. కొంచెము ప్రక్కగా కొట్టినచో కొన జారిపోవును. 1807 ప్రాంతమున మింగో అను ఫ్రెంచి సైనికాధికారి కొనకు తోలుబిళ్ళను అంటించు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. తోలు బంతిని పట్టుకొనును. అందుచే బంతిని ప్రక్కగా కొట్టి గిరగిర త్రిప్పుటకు వీలైనది. ఆటకు కొత్త జీవము వచ్చినది. కర్రకు మాత్రము కొత్త చిక్కు వచ్చినది. తోలుబిళ్ళ అంటుకొనుటకు సమమైన గట్టి పీఠము కావలెను. వేలకొలది దెబ్బలకు కర్రకొన పిగులకుండవలెను. ఈ రెండు అవసరములను తీర్చుటకే పొన్ను.

పొన్ను సంగతి తెలియుటకు కాండము సంగతి తెలియవలెను. ఇంగ్లండులోని పాతకర్రలకు కాండము సాధారణముగా యాష్ అను చెట్టు కర్ర. దాని నారలు బాణపుమొనలవలె ఒకదానివెనుక నొకటిగా కాండముపై స్పష్టముగా కనబడును. అమెరికాలోని పూల్ కర్రలకు కాండము గట్టి మేపుల్ కర్ర. దానికి నారలు మెత్తన, పైభాగము నున్నన. పిడివైపున బరువుకొరకు నల్లకర్రను సూదిమొనలుగా చెక్కి కాండములోనికి అతికెడివారు. ఆ నల్లకర్ర మన తునికిచెట్టు జాతిదే. తునికిపండ్లు తిన్నవారు, బీడీలకు తునికాకు కోసినవారు తెలంగాణమున ఎందరో కలరు. ఆ చెట్టు దాయాదియే నవాబుల కర్రకు పిడియైనదని ఎరిగినవారు కొందరే.

కాండమునకు కర్రను ఎన్నుకొనుటలో పనివాడు మొదట చూచునది నార. నార ఒక కొననుండి మరియొక కొనకు తిన్నగా సాగవలెను. నడుమ ప్రక్కకు పోయి బయటపడినచో ఆ కాండము నేడు కాకున్న రేపు వంగును. ఎన్నుకొన్న కర్రను ఆరబెట్టి, తరిణెపై కొంచెము పట్టి, కొంతకాలము ఊరకుంచెడివారు. లోపలి బిగువు సడలి కర్ర తన వంకరను తాను బయటపెట్టును. మరల కొంచెము పట్టి, మరల ఊరకుంచెడివారు. ఈ విధముగా పలుమారులు చేసిన పిదపనే కాండము తుదిరూపమునకు వచ్చెడిది. తొందరపడి ఒక్కనాడే సన్నగా పట్టిన కాండము వర్షకాలమొకటి గడచునప్పటికి విల్లగును.

ఇంత ఓపిక ఎందుకనగా కర్ర కోసిన తరువాత కూడ ఊరకుండదు. గాలిలో తేమ పెరిగిన ఉబ్బును, తరిగిన కుంచించును. అందులోను ఒక విశేషమున్నది. పచ్చికర్ర పూర్తిగా ఎండునప్పటికి అడ్డముగా నూటికి సుమారు 5 మొదలు 10 పాళ్ళవరకు కుంచించుకొనిపోవును. పొడవున మాత్రము నూటికి ఒక పాలులో పదవవంతో, ఐదవవంతో తగ్గును. అనగా ఏండ్లు గడచినను కర్ర పొడవు మారదు. లావు మాత్రము ఋతువుతోపాటు మారుచునే యుండును. ఇత్తడికి తేమతో పనిలేదు. ఏనుగుదంతమునకు తేమ సోకును గాని కర్ర నడకవేరు, దంతపు నడకవేరు. ఇట్లు వేరువేరు నడకలుగల రెండు వస్తువులను ఒక్కటిగా బిగించి, ఏండ్ల తరబడి దెబ్బలు తినునట్లు చేయుటలోనే నేర్పున్నది.

ఈ చిక్కును మన బండి చక్రములు చేయువారు ఏనాడో ఎదుర్కొనిరి. తుమ్మకర్ర చక్రమునకు ఇనుపపట్టాను మంటలో ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్ళు పోయుదురు. చల్లారునప్పుడు పట్టా బిగిసి చక్రమును ఒక్కటిగా పట్టుకొనును. మండువేసవిలో కర్ర ఎండి కుంచించినప్పుడు పట్టా వదులగును. అప్పుడు బండివాడు చక్రములను చెరువునీటిలో నానబెట్టును. కర్ర ఉబ్బి మరల బిగియును. బండిచక్రమునకు ఇది తగిన వైద్యము. క్యూకర్రను నీళ్ళలో నానబెట్టుటకు వీలులేదు. అందుచే దాని పొన్నును మరియొక విధముగా నిలుపవలసి వచ్చినది.

ఆ విధమేమనగా, కాండపు చివరి అంగుళమును తరిణెపై పట్టి, సన్నని గుండ్రని కుసిగా చేయుదురు. కుసి మొదట, కాండము తన పూర్తి లావునకు వచ్చుచోట, ఒక మెట్టు ఏర్పడును. దానిని భుజమందురు. పొన్ను కుసిమీదికి దిగి భుజముమీద కూర్చుండును. కొందరు కుసికి మరచుట్లు తీసి, పొన్ను లోపలను మరచుట్లు తీసి, బంక రాసి త్రిప్పి బిగించెడివారు. కొందరు మరలు లేకయే నున్నగా తొడిగెడివారు.

ఇందులో రెండు మతములు కలవు. ఒకటి రెండుప్రక్కల తెరచియున్న పొన్ను. అది వట్టి గొట్టము. కుసి దానిగుండా పోయి పైకి కనబడును. తోలుబిళ్ళ కొంత కర్రమీదను, కొంత పొన్ను అంచుమీదను కూర్చుండును. ఇంగ్లీషు కర్రల ఇత్తడిపొన్నులు పెక్కు ఈ తీరువి. రెండవది పైన మూసియున్న టోపీవంటి పొన్ను. కుసి లోపల దాగును. తోలుబిళ్ళ పూర్తిగా పొన్నుమీదనే కూర్చుండును. మొదటిదానిలో దెబ్బ తిన్నగా కర్రకు చేరును గాని, కుసి ఎండి ఏ మాత్రము లోపలికి పోయినను బిళ్ళ క్రింద గుంట పడును. రెండవదానిలో బిళ్ళకు సమమైన పీఠము దొరకును గాని, కుసి కొనకును టోపీ అడుగుకును నడుమ వెండ్రుకవాసి సందు మిగిలినను ఆ బోలుచోట దెబ్బ పడి పొన్ను పగులును.

ఏ మతమైనను ఒక్క నియమము తప్పనిది. పొన్ను భుజముమీద చుట్టును సమముగా కూర్చుండవలెను. తోలుబిళ్ళ బంతిని తాకి విడుచుటకు సెకనులో వెయ్యవవంతో, రెండు వంతులో పట్టును. ఆ రెప్పపాటుకన్న చిన్న కాలములో బిళ్ళనుండి పొన్నుకు, పొన్నునుండి భుజమునకు, భుజమునుండి కాండపు నారలకు దెబ్బ దిగిపోవలెను. భుజము ఒకప్రక్క ఆని, మరియొకప్రక్క ఆననిచో భారమంతయు కుసిమీద పడును. కుసి విరుగును, లేదా పొన్ను నిలువున చీలును. పాతకర్ర నిర్మాణములోని మేలుకీడులన్నియు ఈ సన్నని అంచునందే తెలియును. ఆటగాడు చేతితో చూడకయే చెవితో తెలిసికొనును. సరిగా కూర్చున్న పొన్ను టక్కున ఒక్క శబ్దము చేయును. వదులైనది డొల్లగా పలుకును.

పొన్నుకు వాడిన ద్రవ్యములను చూచినచో ఆ కాలపు చరిత్ర తెలియును. ఇంగ్లండువారు ఇత్తడిని వాడిరి. అమెరికాలో మంచి పూల్ కర్రలకు ఏనుగుదంతము వాడిరి. దంతమును తరిణెపై నున్నగా పట్టవచ్చును, తోలును బంకను చక్కగా పట్టుకొనును, చూచుటకు సొగసు. నాటి బంతులును దంతపువే. ఈ రెంటికొరకు ఎన్ని ఏనుగులు ప్రాణములు విడిచినవో తలచినచో సొగసు మరుపునకు వచ్చును. దంతము కరవై, ధర పెరిగి, 1860లలో అమెరికాలోని బల్లల వ్యాపారులు దానికి బదులు కనుగొన్నవారికి బహుమానము ప్రకటించిరి. జాన్ వెస్లీ హయట్ అనువాడు సెల్యులాయిడు బంతులు చేసెను. ప్లాస్టిక్కుల యుగమునకు అది ఒక ద్వారమైనది. తరువాత పొన్నులకు కూడ గట్టి కాగితపు పీచుతో చేసిన ఫైబరును, పలువిధముల ప్లాస్టిక్కులును వచ్చినవి.

మన దేశమున 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1986లో చేసిన సవరణ భారతీయ ఏనుగుదంతపు వ్యాపారమును నిషేధించినది. 1991 సవరణ ఆఫ్రికా దంతమును కూడ ఆ నిషేధములోనికి తెచ్చినది. కావున పాతకర్రకు దంతపు పొన్ను పగిలినప్పుడు క్రొత్త దంతము కొని వేయింపవలెనను ఆలోచన ఎవరును చేయరాదు. ఫైబరు పొన్ను ఆ పనిని చక్కగా చేయును. దానికొరకు ఏ ప్రాణియు చావనక్కరలేదు.

దంతము పోయినందుచే ఆట పాడుకాలేదని చెప్పుటకు శాస్త్రాధారము కూడ కలదు. నీటికంటె ఇత్తడి సుమారు ఎనిమిదిన్నర రెట్లు, దంతము రెట్టింపుకు కొంచెము తక్కువ బరువు. మేపుల్ కర్ర నీటికంటె తేలిక. బంతిని ఎడమప్రక్కన కొట్టినచో అది గురిగీతకు కొంచెము కుడివైపునకు తొలగిపోవును. కాండపు చివరి కొద్ది అంగుళముల బరువు ఎంత హెచ్చయిన ఈ తొలగుట అంత హెచ్చు. పాతకర్రలతో ఆడినవారు ఈ దోషమును అలవాటుచే గ్రహించి, గురిని ముందే సవరించుకొనెడివారు. 1990ల తరువాత కొందరు తయారీదారులు కొనను బోలుచేసి, పొన్నును చిన్నదిగా, తేలికగా చేసి, తొలగుటను తగ్గించిరి. అనగా పొన్ను అలంకారము కాదు. బంతి దారిని నిర్ణయించు అంగము.

ఇక మా అసలు మాటకు వచ్చుచున్నాము. పాతకాలపు పనివారు తోలుబిళ్ళను అంటించుటకు సరేసును వాడిరి. అది పశువుల చర్మమును, ఎముకలను కాచి తీసిన బంక. ఎండిన పిమ్మట గట్టిగా పట్టును. వేడియు తేమయు తగిలిన మరల మెత్తబడి విడును. దీనిని కొందరు లోపమందురు. మా దృష్టిలో అదియే దాని గుణము. తోలుబిళ్ళ అరుగుట నిశ్చయము. పొన్ను ఎన్నడో ఒకనాడు పగులుట నిశ్చయము. ఆ దినమున బిళ్ళను, పొన్నును విడదీసి, కాండమునకు గాయము కాకుండ క్రొత్తవి తొడుగుటకు దారి ఉంచవలెను. మొదటి పనివాడు తన తరువాత వచ్చు పనివానికొరకు ఆ దారిని విడిచిపెట్టెను. రోకలి అరుగకుండ పొన్ను అరుగును; పొన్నును మార్చి రోకలిని నిలుపుదురు. చిన్నది పోయి పెద్దది నిలుచుట ఈ నిర్మాణపు నీతి.

ఈ నీతిని మరచుటచే పాతకర్రలు నశించుచున్నవి. పొన్ను కొంచెము వదులైనదని, ఎన్నడును విడని నేటి రసాయనపు బంకను దట్టముగా పోసి బిగించువారున్నారు. మరునాడు అది పగిలినప్పుడు కుసియు దానితోపాటు విరుగును. అప్పుడు కాండమునుండి మరియొక అంగుళము కోసి క్రొత్త కుసి తీయవలెను. పొన్ను కాండముకన్న కొంచెము లావుగా ఉన్నదని, సమముచేయు నెపమున ఉప్పుకాగితముతో పొన్నును కాండమును కలిపి రుద్దువారు మరికొందరు. వర్షకాలమున ఉబ్బిన కాండమును రుద్దినచో వేసవిలో అది కుంచించి, పొన్ను అంచు మెట్టువలె పైకి లేచును. మరల రుద్దుదురు. పూల్ కర్ర కొన వ్యాసము సుమారు 13 మిల్లీమీటర్లు. స్నూకరు కర్రది 9 లేక 10. అందులో ఏడాదికి ఒక వెండ్రుకవాసి పోయినను పదేండ్లకు ఆ కర్ర వేరొక కర్ర యగును. పొన్నును మార్చవచ్చును, తోలును మార్చవచ్చును. రుద్దిన కర్ర మాత్రము తిరిగి రాదు.

కావున ఇంట పాత క్యూకర్ర గలవారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. దానిని గోడకు ఏటవాలుగా ఆనించి విడువరాదు; నిటారుగా వ్రేలాడదీయుట, లేదా సమతలమున పరుండబెట్టుట మేలు. ఎండ పడు కిటికీవద్దను, నెమ్ముగోడవద్దను ఉంచరాదు. మురికిని పొడిగుడ్డతో తుడువవలెను గాని నీటితో కడుగరాదు. పొన్ను వదులైనచో మొదట ఒక సంవత్సరము ఋతువులను గమనింపవలెను. వేసవిలో వదులై, శ్రావణములో బిగియునదైనచో అది రోగము కాదు, కర్ర ఊపిరి. నిజముగా పగిలినచో తరిణెపని తెలిసినవానికి చూపవలెను. అతడు పొన్నునే మార్చవలెను గాని భుజమును చెక్కరాదని ముందుగా చెప్పవలెను. ఊడిన పాత పొన్నును పారవేయక పొట్లము కట్టి కర్రతోనే ఉంచుట మంచిది. దాని పొడవు, లోపలి రంధ్రము, మరచుట్లు తరువాతి పనివానికి లిఖితపూర్వకమైన సాక్ష్యమువంటివి.

ఈ జాగ్రత్తలు క్యూకర్రకే కావు. హైదరాబాదులోని సాలార్జంగు మ్యూజియములో చేతికర్రలకు ప్రత్యేకముగా ఒక శాల కలదు. అచ్చట పిడుల చెక్కడపుపనిని చూచి అందరును ఆశ్చర్యపడుదురు. చూపును క్రిందికి దించి, నేలకు తాకు కొనను కూడ చూడవలసినదని మా మనవి. పిడి యజమాని హోదాను చెప్పును. అడుగునున్న పొన్ను ఆ కర్ర ఎంత నడచినదో చెప్పును. మన ఇండ్లలోని ఉలులు, చేతికర్రలు, రోకళ్ళు ఏ మ్యూజియమునకును పోవు. వానిని నిలుపుకొనుట మన చేతిలోనే ఉన్నది. మూల పడియున్న రోకలిని పొయ్యిలో పెట్టబోవువారు ముందు దాని కొనను పరిశీలింతురు గాక. చాలసార్లు పాడైనది రోకలి కాదు, పొన్నే. కొలిమివద్ద కమ్మరి చేయు ఒక్క పూట పనితో ఆ రోకలి మరియొక తరమునకు పనికివచ్చును.